కాలిన మనిషికి చలి వేస్తుంది

సంపాదకుడి గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మంటలంటుకుంటే ఏం చేయాలో వివరంగా వేశారు. పేస్టు, ఇంకు పూయవద్దన్నారు, సంతోషం. కానీ ‘ఆసుపత్రి చేరేదాకా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి’ అన్న మాట చదివాక ఆ రోజు కాఫీ రుచించలేదు. నిరుడు మే నెలలో మేము చేసిన నిర్వాకం సరిగ్గా అదే.

గ్యాస్ మంటల్లో మా బావమరిది ఒళ్లు దాదాపు 40 శాతం కాలింది. బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించి, తడి దుప్పటి చుట్టి, కారులో ఏసీ పెంచి తీసుకెళ్లాం. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. వార్డులో అతను పళ్లు టకటకలాడుతుండగా ‘బావా, దుప్పటి కప్పు, చలి’ అంటే, మతి చలించిందనుకుని ఫ్యాను పెంచాం! నర్సమ్మ థర్మామీటరు పెడితే పాదరసం 94 గీత దాటి పైకి రాలేదు. అంతకు కింద దానిలో గీతలే లేవు.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ని, నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. మట్టికుండ ఎందుకు చల్లబడుతుంది? నీరు ఊరి, ఆవిరై, వేడిని పట్టుకుపోతుంది. చర్మం పోయిన ఒళ్లూ అంతే. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోయినట్టే. మన పొడి గాలిలో ఇంకా తొందరగా పోతుంది. దానికి తోడు సెలైన్: 60 కిలోల మనిషి 40 శాతం కాలితే, కిలోకు, ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల లెక్కన మొదటి రోజే 9.6 లీటర్లు, అందులో సగం 8 గంటల్లోనే. అది ఏసీ గదిలోని సీసాలోంచి నేరుగా నరంలోకి! మత్తుమందు ఇస్తే వణుకు కూడా ఆగిపోతుంది. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ (థర్మామీటరు ఫారెన్‌హీట్ లెక్కలో 95) కిందికి జారితే రక్తం సరిగా గడ్డకట్టదు, ఇంకా బాగా జారితే గుండె లయ తప్పవచ్చు.

సెలైన్ వెచ్చబెట్టే పరికరం ఏదని అడిగితే, ‘ఇండెంటు పెట్టాం సార్’ అన్నారు. ఏసీకి మాత్రం ఇండెంటు అక్కర్లేదు, ప్రారంభోత్సవం నాడు 18 మీద పెట్టినది అలాగే ఉంది. కాలిన రోగుల గది 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలని పెద్దలకెవరు చెబుతారు? ‘అనంతపురంలో చలేమిటండీ’ అని నవ్విన అధికారికి నమస్కారం. శిలాఫలకం మీద పేర్లు చెక్కించడంలో ఉన్న శ్రద్ధలో వీసమెత్తు దుప్పట్ల మీద ఉంటే బాగుండేది.

మా వాడు మూడు నెలలకు ఇల్లు చేరాడు. అదృష్టం.

దయచేసి సవరణ వేయండి: కాలిన చోట కొళాయి నీళ్లు 20 నిమిషాలు చాలు, ఐసు వద్దు. ఒళ్లు ఎక్కువగా కాలితే ఇంకా ముందే ఆపాలి. తర్వాత తడి బట్టలు తీసి, పొడి శుభ్రమైన గుడ్డ కప్పి, పైన దుప్పటి వేయాలి, బండిలో ఏసీ ఆపాలి. నాలుగు వరుసలు సరిపోతాయి. పక్కన మంత్రిగారి ఫొటో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సాయినగర్, అనంతపురం