మూడేళ్ల బిడ్డకి అప్పుడే నోట్‌బుక్ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను తిరుపతి కొర్లగుంటలో 14 ఏళ్లుగా చిన్నపిల్లల టీచర్‌ని. జూన్ వచ్చిందంటే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట ఒకటే, మేడమ్ ఎప్పట్నుంచి రాయిస్తారు అని. మూడేళ్ల బిడ్డకి మణికట్టులో ఎముకలే ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, ఆ వయసులో పెన్సిల్ ఇచ్చి పేజీలు నింపమంటే చదువంటేనే భయం పట్టుకుంటుంది, నేను కళ్లారా చూశాను.

అందుకే నా క్లాసులో ఉండేది బంకమట్టి, తొట్టిలో నీళ్లు, చెనక్కాయలు (గింజ నోట్లో పెట్టుకోకుండా నేను పక్కనే ఉంటా). పోయినేడు ఒక బాబు, ఇంట్లో తమిళం, రెండు నెలలు మా దగ్గర నోరే విప్పలేదు, నేనూ బలవంతం చెయ్యలేదు. రోజూ కూర్చుని చెనక్కాయలు వొలిచేవాడు, మొదట్లో నేలకేసి కొట్టేవాడు, తర్వాత మొన దగ్గర బొటనవేలితో నొక్కితే టప్పుమని పగుల్తుందని వాడే కనిపెట్టాడు. ఒకరోజు రెండు గింజలు తీసి ఒకటి నా చేతిలో పెట్టి "నీకొకటి, నాకొకటి" అన్నాడు, తెలుగులో! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అని, ఆటలతోనే నేర్పమని చెప్పింది కదా. మరి ఎల్‌కేజీ సీటుకి ఆ పసివాళ్లకి ఇంటర్వ్యూలు పెట్టేవాళ్లని ఎవరు అడగాలి సార్?

మీ పేపర్లో ర్యాంకుల ఫొటోలు వేస్తారు, అట్లే వారానికి ఒక ఆట కూడా వెయ్యండి. నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక టీచర్, తిరుపతి