ఆ పిల్ల కొలిచిన 9.38: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను విశాఖపట్నం కూర్మన్నపాలెంలో ఉంటాను. ఐటీఐ చదివి, ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. టీచర్ని కాను. రెండేళ్లుగా ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర చుట్టుపక్కల పిల్లలు పది పదిహేను మంది చేరుతున్నారు. వస్తువులు కింద పడేస్తాం, ఊపుతాం, దొర్లిస్తాం, కొలుస్తాం. భూమి లాగడం అంటే ఏమిటో వాళ్ల చేతికి తెలియాలని నా తాపత్రయం. ఆ పని చేస్తుండగా ఎదురైన ఒక విషయం మీ దాకా రావాలనిపించి రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి కిందటి చలికాలంలో మెట్ల రెయిలింగుకు దారం కట్టి, చివర ఒక తాళంకప్ప వేలాడదీసి లోలకం తయారు చేసింది. దారం పొడవు 96 సెంటీమీటర్లు. తాళంకప్పను కొంచెం పక్కకు లాగి వదిలి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ఇరవై ఊపులు లెక్కపెట్టింది (అటు వెళ్లి ఇటు వచ్చేసరికి ఒక ఊపు). 40.2 సెకన్లు పట్టింది. ఒక్కో ఊపుకు 2.01 సెకన్లన్నమాట. పొడవును మీటర్లలో తీసుకుని 39.48తో (పై విలువ వర్గానికి నాలుగు రెట్లు) గుణించి, వచ్చినదాన్ని 2.01తో రెండుసార్లు భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది, అంటే కింద పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు ఎన్ని మీటర్ల చొప్పున పెరుగుతుందో ఆ అంకె. ఆమెకు 9.38 వచ్చింది. సంబరంగా నోటుబుక్కులో రాసుకుని సోమవారం బడికి పట్టుకెళ్లింది.

ఆ 9.38ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన పుస్తకంలో ఉన్న 9.8 రాసిచ్చారు.

తర్వాతి ఆదివారం వచ్చి "తాతగారూ, నాది తప్పంట" అంది. అప్పటికే లెక్క మొత్తం రబ్బరుతో చెరిపేసి, 9.8 వచ్చేలా వెనక్కి సర్దుకుని రాసింది కూడా.

ఆ టీచరుది తప్పని నేను అనడం లేదు. నాలుగైదు సెక్షన్లు, సిలబస్ టెన్షన్, నోటుబుక్కుల గుట్ట, పరీక్షలో అడిగేది 9.8. ఆ స్థానంలో ఎవరున్నా అలాగే దిద్దుతారేమో. కానీ ఆ పిల్లకు ఆ రోజు అర్థమైంది ఒకటే: కొలిచింది కాదు, పుస్తకంలో ఉన్నది రాయాలి.

మా పనిలో అంతకంటే పెద్ద నేరం లేదండీ. డ్రాయింగులో షాఫ్టు 50 మిల్లీమీటర్లు అని ఉంటుంది. మైక్రోమీటరు పెడితే 49.94 వస్తుంది. రిపోర్టులో 49.94 అనే రాయాలి. ఉండాల్సింది 50 కదా అని 50 రాసినవాడి చేతికి మళ్లీ మైక్రోమీటరు ఇవ్వరు. ఎందుకంటే ఆ తేడాలోనే యంత్రం ఆరోగ్యం ఉంటుంది. తేడాను దాచేస్తే బేరింగు పాడయ్యాక గానీ తెలియదు.

అందుకే ఆ ఆదివారం మిగతావన్నీ పక్కన పెట్టి ఆ 9.38 మీదే కూర్చున్నాం. ఎక్కడ తేడా వచ్చి ఉంటుంది? సమయమా? మూడుసార్లు కొలిచాం, 40.2కి అటూ ఇటూ అంతే. మరి పొడవా? ఆ అమ్మాయే తాళంకప్పను చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసి, "నేను ముడి దాకానే కొలిచాను, బరువు కింద ఉంది కదా" అంది. లోలకం పొడవును ముడి దాకా కాదు, బరువు మధ్య దాకా తీసుకోవాలి. టేపు పెట్టి చూస్తే ఇంకో నాలుగు సెంటీమీటర్లు ఉంది. 96 కాస్తా 100 అయింది. మళ్లీ లెక్క వేస్తే 9.77.

9.8 అన్నది గుండ్రం చేసిన అంకె. భూమి నిజానికి అన్నిచోట్లా ఒకేలా లాగదు. భూమధ్యరేఖ దగ్గర ఆ విలువ 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన విశాఖ ఉన్న అక్షాంశంలో సుమారు 9.79. అంటే ఒక తాళంకప్పతో, గజం పైచిలుకు దారంతో, అమ్మ ఫోనుతో ఒక తొమ్మిదో తరగతి పిల్ల అసలు విలువకు అంత దగ్గరగా వెళ్లింది. 9.38ని కొట్టేసి వదిలేసి ఉంటే ఆ నాలుగు సెంటీమీటర్లు ఎప్పటికీ దొరికేవి కావు. తప్పెక్కడుందో తనే వెతికి పట్టుకున్నాక ఆ పిల్ల ముఖం మీరు చూసి ఉండాల్సింది సార్.

ఇదంతా మొదలైంది నా మనవరాలితో. విశ్వంలోని ప్రతి వస్తువూ మరో వస్తువును ఆకర్షిస్తుందని, ఆ బలం ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమానుపాతంలో ఉంటుందని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. సరే అని వంటింట్లోంచి ఒక కొబ్బరికాయ, ఒక నిమ్మకాయ తెచ్చి, రెండూ ఒకేసారి వదిలితే ఏది ముందు పడుతుందమ్మా అని అడిగాను. "కొబ్బరికాయే, బరువు కదా తాతా" అంది. ఆదివారం వచ్చే పిల్లలను అడిగినా దాదాపు అందరిదీ అదే మాట. పాఠం వచ్చు, మార్కులూ వచ్చాయి, నమ్మకం మాత్రం మారలేదు.

మొదటి అంతస్తు మెట్ల మీద నుంచి రెండూ వదిలించాను. కింద ఇసుక బస్తా, చుట్టూ ఎవరూ లేకుండా ఒక పెద్దమనిషి కాపలా. ఒకటే చప్పుడు. పిల్లలు నమ్మలేదు. చెయ్యి ముందు వదిలావని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. పదిసార్లు వదిలారు, చేతులు మార్చుకుని వదిలారు. ఆ గొడవే నాకు కావలసింది. నేను నోరు విప్పలేదు.

చివరికి ఏడో తరగతి పిల్లాడు ఒకడు రెండింటినీ తాడుతో కట్టి వదులుదాం అన్నాడు. బరువైనదే వేగంగా పడుతుందంటే, కట్టాక మొత్తం బరువు పెరిగింది కాబట్టి ఇంకా వేగంగా పడాలి. కానీ నెమ్మదిగా పడే నిమ్మకాయ కొబ్బరికాయను వెనక్కి లాగాలి కాబట్టి నెమ్మదించాలి కూడా. రెండూ ఎలా కుదురుతాయి? నాలుగు వందల ఏళ్ల కిందట గెలీలియో వేసిన ప్రశ్న ఇదే. మా కూర్మన్నపాలెం మెట్ల మీద ఆ ప్రశ్న మళ్లీ పుట్టింది. ఎవరూ వాడికి చెప్పలేదు.

కాగితం మాత్రం ఆలస్యంగా పడింది. మాకు సముద్రపు గాలి ఎక్కువ, డాబా మీద కాగితం అసలు నిలవదు. అందుకే మెట్ల గదిలో తలుపులు మూసి చేశాం. అదే కాగితాన్ని ఉండ చుట్టి వదిలితే నిమ్మకాయతో పాటే పడింది. నోటుబుక్కు మీద పరిచి బుక్కును వదిలితే దాన్ని అంటుకునే దిగింది. అడ్డం వచ్చింది గాలేనని తేలాక, 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ, డేగ ఈకనూ ఒకేసారి వదిలిన వీడియో చూపించాను. గాలి లేదు, రెండూ కలిసే నేలను తాకాయి. అప్పుడు ఒక పాప అడిగింది, "అందుకేనా చంద్రయాన్ పారాచ్యూట్‌తో దిగలేదు?" అని. అందుకే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ ఇంజన్లు మండించుకుంటూనే దిగాల్సి వచ్చింది, పట్టుకోవడానికి అక్కడ గాలి లేదు కనుక. ఈ ముక్క నేను చెప్పి ఉంటే వాళ్లు రాసుకుని మర్చిపోయేవారు.

మీరు ఒక్కటే ప్రయోగం చూడగలిగితే నట్ల దండ చూడమంటాను. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లో అర అంగుళం నట్లు పది కొన్నాను. దారానికి ఐదు నట్లు సమాన దూరంలో, నలభై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కట్టాం. బోర్లించిన స్టీలు పళ్లెం మీద మొదటి నట్టు ఆనేలా నిలువుగా పట్టుకుని, స్టూలెక్కి వదిలాం. పైనుంచి వచ్చే కొద్దీ చప్పుళ్లు ఒకదాని మీదకు ఒకటి తోసుకొచ్చాయి. టక్... టక్.. టక్టక్. పడే వస్తువు వేగం పుంజుకుంటుందని చెవికి తెలిసింది. తర్వాత ఇంకో దారం: పళ్లెం మీద ఒక నట్టు, ఆపైన 10, 40, 90, 160 సెంటీమీటర్ల ఎత్తుల్లో నాలుగు. ఈసారి తాళం వేసినట్టు, టక్, టక్, టక్, టక్, సమానంగా మోగింది. సమయం రెట్టింపైతే పడే దూరం నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు. మద్దెల నేర్చుకునే ఒక కుర్రాడు కళ్లు మూసుకుని విని, "ఇది సమంగా ఉంది తాతగారూ, ముందుది పరుగెత్తింది" అన్నాడు. వర్గం అన్న మాట వాడికి లెక్కల పుస్తకంలో ఎంత దూరంగా ఉండేదో, ఆ పూట అంత దగ్గరైంది.

నీళ్ల సీసా కూడా చెప్పాలి. ప్లాస్టిక్ సీసా అడుగున పక్కకు చిల్లు పెడితే నీళ్లు కారతాయి. మూత తీసిన ఆ సీసాను పైనుంచి వదిలేస్తే, పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీళ్లు ఒకే వేగంతో పడుతున్నాయి కాబట్టి నీళ్లు సీసాను తోసే పని లేదు. ఇది చూశాక, 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎందుకు తేలాడో చెప్పడం చాలా సులువైంది. అక్కడ గురుత్వాకర్షణ లేదని పెద్దవాళ్లమే పిల్లలకు చెబుతుంటాం. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడి లాగుడులో పది వంతుల్లో సుమారు తొమ్మిది వంతులు ఉంటుంది. కేంద్రమూ, అందులో మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉన్నారు, మన సీసా, నీళ్ల లాగే.

మా పిల్లల్లో జాలరి ఇంటి అబ్బాయి ఉన్నాడు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దదని వాడికి నాన్న చెప్పాడు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చి రెండు లాగుళ్లూ కలవడం వల్లేనని నేను కలిపాను. తరగతిలో ఎప్పుడూ చెయ్యెత్తని వాడు ఆ రోజు మిగతా వాళ్లకు పాఠం చెప్పాడు. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఆటుపోట్లను బొమ్మలో చూపించడం నాకు బాధగా ఉంటుంది.

మంత్రి గారూ, మిమ్మల్ని కొత్త ల్యాబులు కట్టమనడం లేదు. స్క్రీన్లు వద్దనీ అనడం లేదు. స్కాట్ సుత్తిని నేనూ ఫోన్లోనే చూపించాను. కానీ స్క్రీను మీద పడే బంతి ఎప్పుడూ సరిగ్గానే పడుతుంది. అందులో వెతకడానికి నాలుగు సెంటీమీటర్ల తేడా ఉండదు. నాకు ఈ సామానంతటికీ 400 రూపాయల లోపే అయింది: దారం, నట్లు, టేపు, గోళీలు, అవి దొర్లడానికి నిలువుగా చీల్చిన పీవీసీ పైపు, ఒక తాళంకప్ప. పళ్లెం ఎలాగూ మధ్యాహ్న భోజనానిది ఉంటుంది. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఇలాంటి సంచి ఒకటి ఇప్పించండి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకూడదని, పోయిన నట్టుకు టీచరు లెక్క చెప్పక్కర్లేదని కూడా ఆ ఉత్తర్వులోనే రాయించండి. స్టాకు రిజిస్టరు భయం వల్లే చాలా సామాను పిల్లల చేతికి రాకుండా తుప్పు పడుతుంది.

టీచర్ల సమావేశాల్లో ఒక గంట, ఉపన్యాసం లేకుండా, వాళ్ల చేతే నట్ల దండ కట్టించి వదిలించండి. వాళ్లూ ముందు అంచనా చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు బ్యాగు లేని రోజులుగా ఉండాలని చెప్పింది. వాటిలో ఒక్కటి దీనికి ఇవ్వండి. ఆ రోజు పిల్లలు ఊహించాలి, చేసి చూడాలి, పోట్లాడుకోవాలి. నిర్వచనం మర్నాడు చెప్పినా నష్టం లేదు.

వీటన్నిటికంటే ముందు కావలసింది ఇంకొకటి, దానికి పైసా ఖర్చు లేదు. ప్రయోగాల రికార్డులో ఇప్పుడున్న ఒక్క గడి బదులు మూడు గడులు ముద్రించమని ఆదేశించండి: "నాకు వచ్చింది", "పుస్తకంలో ఉన్నది", "తేడా ఎందుకు వచ్చి ఉంటుంది". మార్కులు మూడో గడికి ఇవ్వమనండి. మొదటి గడిలో అంకెను కొట్టేసే అధికారం ఎవరికీ ఉండకూడదు, టీచరుకైనా, తనిఖీకి వచ్చిన అధికారికైనా.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. చెరిపేసిన పేజీలో 9.38 అచ్చు ఇంకా లీలగా కనిపిస్తుంది. మొన్న దాని మీద పెన్నుతో మళ్లీ దిద్దుకుంది, కింద 9.77 రాసి, పక్కన "ముడి దాకా కొలిచాను" అని రాసుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం