ముసలి కుక్క ఉన్నట్టుండి కరిస్తే ముందు డాక్టరుకు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో పొమేరియన్ కుక్క వార్త చదివాను. ఊరుకుందామనే అనుకున్నాను గానీ నాలుగు రోజులైనా మనసు ఊరుకోవడం లేదు, అందుకే ఈ ఉత్తరం. 11 ఏళ్లుగా ఎవరినీ ఏమీ అనని కుక్క మీటర్ రీడింగ్‌కి వచ్చిన అబ్బాయిని కరిచిందట, అపార్ట్‌మెంట్ వాళ్లు మీటింగ్ పెట్టి నెలాఖరుకల్లా దాన్ని పంపేయాలని గడువిచ్చారట. పక్కనే బాక్సు కట్టి, కరిచే కుక్కను ఇంట్లో ఉంచుకోవద్దని మీరు సలహా కూడా ఇచ్చారు. 11 ఏళ్లు కరవనిది ఇప్పుడెందుకు కరిచిందో ఆ వార్తలో ఎక్కడా లేదు. డాక్టరుకు చూపించారా అని ఎవరూ అడిగినట్టు కూడా లేదు.

మా కుక్క చిట్టికి ఇప్పుడు 13 ఏళ్లు, ఆరు కిలోలు కూడా ఉండదు. ఇంటికి ఎవరొచ్చినా కాళ్ల చుట్టూ తిరిగేది. అలాంటిది రెండేళ్ల కిందట కార్తీక మాసంలో కొత్తవాళ్లను చూస్తే గుర్రుమనడం మొదలుపెట్టింది. ముసలితనం, చాదస్తం అని సరిపెట్టుకున్నాం. ఆ తప్పు పూర్తిగా మాదే. ఒకరోజు గ్యాస్ సిలిండర్ కొత్తగా తెచ్చిన అబ్బాయి ముద్దొచ్చి దాని తల మీద చెయ్యి వేశాడు, అంతే, వేళ్లు పట్టేసింది. ఆ పిల్లాడి చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట సేపు కడిగాను. రక్తం కంటే ఆ అబ్బాయి మొహం చూస్తేనే నాకు కాళ్లు వణికాయి. అక్కడి నుంచి ఇంజెక్షన్ కోసం వెళ్తే మొదటి చోట స్టాకు లేదన్నారు, రెండో చోట రేపు రమ్మన్నారు. కుక్క కాటుకు రేపు రమ్మనడం ఏమిటండీ! ఆ రోజే ఇంజెక్షన్ బయట కొనుక్కుని వేయించాం, మిగతా డోసులకు కూడా మేమే దగ్గరుండి తీసుకెళ్లాం.

మర్నాడు చిట్టిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు అడిగింది రేబిస్ టీకాల కార్డు. కుక్క తీరు ఉన్నట్టుండి మారిందంటే మొదట అనుమానించాల్సింది రేబిస్‌నేనట, పది రోజులు జాగ్రత్తగా కనిపెట్టి ఉండమన్నారు. టీకాలు ఏటా వేయిస్తున్నాం కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత మా ఆయన చిట్టి తల గట్టిగా పట్టుకుంటే డాక్టరు దాని పై పెదవి పక్కకు లాగి చూపించారు. పెద్ద పన్ను మీద పచ్చటి గార పెంకు కట్టినట్టు పేరుకుని ఉంది, చిగురు నొక్కగానే చీము వచ్చింది. కంటి కింద చిన్న వాపు ఉంటే దోమ కుట్టిందనుకుని వారం రోజులు కొబ్బరినూనె రాశాను నేను. అది ఆ పన్ను వేరు దగ్గర పట్టిన చీముగడ్డ. ఆ అబ్బాయి చెయ్యి పడింది సరిగ్గా ఆ పక్కనే. వెనక నిలబడి చప్పట్లు కొడితే చిట్టి తిరగలేదు, ఎడమ కంట్లో శుక్లం. వినపడదు, ఒక పక్క కనపడదు, దవడ సలుపుతోంది, పైనుంచి తెలియని చెయ్యి మొహం మీదికి వచ్చింది. ఇంకేం చేస్తుంది?

అందరి కుక్కకూ పన్నే కారణమని నేననడం లేదు. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప జారడం, కీళ్ల నొప్పులు, వెన్ను నొప్పి, థైరాయిడ్, మనుషుల్లో మతిమరుపు లాంటి జబ్బు, ఏదైనా కావచ్చని డాక్టరు చెప్పారు. మన నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. మా ఆయన సగం బిళ్ల వేద్దామన్నారు, కొన్నిటికి కుక్కల కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయట, నయం అడిగాం. రక్తపరీక్ష చేసి, మత్తిచ్చి నాలుగు పళ్లు తీశారు. నెల తిరిగేసరికి గుర్రుమనడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకని బెల్లు మోగితే చిట్టి లోపలి గదిలోకి వెళ్లాకే తలుపు తీస్తాం. హాల్లో నడుమెత్తు చెక్క గేటు పెట్టించాం. మెట్ల మీద పొట్టి గొలుసు, డాక్టరు దగ్గరికైతే నోరు తెరిచి రొప్పడానికి వీలున్న చిక్కం. వచ్చినవాళ్లను ముట్టుకోవద్దు, కళ్లలోకి చూడొద్దు అని ముందే చెబుతాం. గుర్రుమంటే కొట్టం. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది, ఇది ప్రతి ఇంట్లో తెలియాలి.

ఇక ఆఫీసుల సంగతి. కుక్కకు లైసెన్సు అని డబ్బు కట్టించుకున్నారు, టీకా కార్డు చూడనైనా చూడలేదు. మా దగ్గరి పశువైద్యశాలలో పన్ను చూసే పరికరాలు లేవు, ఎక్స్‌రే లేదు, డాక్టరు గారి సగం రోజులు మీటింగులకే సరిపోతాయి. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులు ప్రమాదకరమని నిషేధించమంది, తర్వాత కోర్టుల్లో అది నిలవలేదు. ఆ గొడవంతా పెద్ద కుక్కల గురించే. చిన్న కుక్క కరిస్తే నవ్వి ఊరుకుంటారు, లేదా ఇలా గెంటేస్తారు. పెంచేవాళ్ల నిర్లక్ష్యాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు కుక్క తరిమితే మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు, ఆ తల్లికి ఏం చెబుతాం? నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ తీర్మానం చేసి పెంపుడు కుక్కను గెంటేసే హక్కు అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అయినా గెంటేస్తే అది ఎక్కడికి పోతుంది? కళ్లు సరిగ్గా కనపడని, నొప్పితో ఉన్న ముసలి కుక్క వీధిలో ఇంకొకరిని కరుస్తుంది.

ఆ నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. దయచేసి ఈ ఉత్తరం ఈలోపే వేయండి, ఒక పశువైద్యుడి మాట కూడా అదే బాక్సులో వేయండి. ఆ ఇంటివాళ్లు చదివితే, దాన్ని ఎవరికో అప్పగించే ముందు ఒక్కసారి డాక్టరు చేత నోరు, కళ్లు, చెవులు, కాళ్లు చూపించమని చేతులెత్తి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు