కోల్‌కతాకు ఎలాంటి బండి కావాలి?

సంపాదకులకు,

మహారాష్ట్రలోని కొండ ఊరు మాథెరాన్‌లో మనిషి లాగే రిక్షాలను ఆరు నెలల్లో ఆపించి ఇ-రిక్షాలు తెమ్మని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి కోల్‌కతాలో ఇంకా ఎందుకున్నాయన్న ప్రశ్న న్యాయమైనదే. 2006లో పశ్చిమ బెంగాల్ శాసనసభ నిషేధ బిల్లు ఆమోదించినా అవి ఆగలేదు. ఎందుకో ఆ బండిని చూస్తే తెలుస్తుంది.

పెద్ద చెక్క చక్రాలు రెండు, వాటికి గాలి అక్కర్లేని రబ్బరు పట్టీ, ఇనుప ఇరుసు, ముందుకు పట్టుకుని లాగే రెండు కర్రలు (నొగలు), మడత టాపు. చేతిగంటను నొగకు కొడితే అదే హారన్. బ్రేకు లేదు.

కష్టమంతా తూకంలో ఉంది. బండెక్కిన ఇద్దరు, కలిపి 130 కిలోలున్నవాళ్లు, ఇరుసుకు 10 సెంటీమీటర్లు వెనగ్గా కూర్చున్నారనుకోండి. బండి సొంత బరువు పక్కన పెడితే, ఇరుసుకు ఒకటిన్నర మీటరు ముందు నొగలు పట్టుకున్నవాడు దాదాపు 9 కిలోల బలంతో వాటిని కిందికి అదిమి ఉంచాలి. వదిలితే బండి వెనక్కి తిరగబడుతుంది. సవారీ ముందుకు వంగితే బరువు అతని చేతుల మీదికి వస్తుంది. ఫోను చూసుకుంటూ వంగి కూర్చునేవాళ్లకు ఈ సంగతి తట్టదు. బండీ మనుషులూ కలిపి 200 కిలోలైతే, 20 అడుగులకు అడుగు లేచే ఎత్తు మీద 10 కిలోల లాగుడు అదనం. దిగేటప్పుడు అంత బరువూ వెనక నుంచి తోస్తుంది. అప్పుడు ఒళ్లు వెనక్కి వాల్చి మడమలు తన్నిపెట్టడమే బ్రేకు.

చక్రాలకూ రోగాలున్నాయి. ఎండకు చెక్క కుంచించుకుపోయి ఆకులు (చక్రం పుల్లలు) నడిమి కుంభంలో వదులవుతాయి, చక్రం ఊగుతుంది. రబ్బరు పట్టీ అతుకు దగ్గర లేస్తుంది.

కానీ వానాకాలంలో ఠన్‌ఠనియా, ఆమ్హర్స్ట్ స్ట్రీట్ వైపు మోకాలిలోతు నీళ్లు నిలిస్తే ఆటోలు మొరాయిస్తాయి, ఈ బండి నడుస్తుంది. నీళ్లకు చెడే ఇంజను దీనికి లేదు, సీటు ఎత్తున ఉంటుంది. మామూలు ఇ-రిక్షాకు మోటారు వెనక ఇరుసు దగ్గర, బ్యాటరీలు సీటు కింద ఉంటాయి. తడిసిన డ్రమ్ము బ్రేకులు సరిగా పట్టవు. కొండమీది మాథెరాన్‌కు సరిపోయిన బండే ఇక్కడికీ చాలదు. మోటారుకు నీరు చొరని తొడుగు ఉండాలి, మోటారును అదుపు చేసే కంట్రోలరూ వైర్ల అతుకులూ సీటు మట్టానికి పైన ఉండాలి, ఇరుకు సందులో తిరగాలి.

ఇంకొక చిక్కు. చాలా రిక్షాలు లాగేవాడివి కావు, వాటిని అద్దెకిచ్చే సర్దారువి. బిహార్ నుంచి వచ్చినవాళ్లు వాటిని రోజు అద్దెకు తీసుకుని, ఆ రిక్షాలు నిలిపే కొట్టాల్లోనే (డేరాల్లోనే) పడుకుంటారు. మద్రాసులో 1973లో కరుణానిధి ప్రభుత్వం వీటిని మాన్పించి, లాగేవాళ్లకే సైకిల్ రిక్షాలిచ్చింది. కోల్‌కతాలో యజమానుల లైసెన్సులు చూసి కొత్త బండ్లు పంచితే అవి సర్దార్ల చేతికే పోతాయి. అర్హుల జాబితా డేరాలకు వెళ్లి, లాగేవాళ్ల పేర్లతో రాయాలి.

- ఒక పాఠకుడు, కోల్‌కతా