కీత్ అలెగ్జాండర్‌కు రెండో అవకాశం రావడానికి ఎనిమిదేళ్లా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ క్రీడా పేజీని నేను ఇంగ్లండ్‌లోని లింకన్‌లో, డ్యూటీకి వెళ్లే బస్సులో ఫోన్‌లో చదువుతాను. ఇక్కడి ఫుట్‌బాల్ వార్తలు మీరు బాగానే ఇస్తున్నారు. ఏ క్లబ్ మేనేజర్‌ను తీసేసింది, ఏ ఆటగాడిని ఎన్ని కోట్లకు కొన్నారు, అన్నీ వస్తాయి. అయితే అవన్నీ ప్రీమియర్ లీగ్‌లోని 20 క్లబ్‌ల సంగతులే. ఆ కింద మూడు డివిజన్లలో మరో 72 క్లబ్‌లున్నాయి. ఇక్కడ మేనేజర్ అంటే జట్టుకు హెడ్ కోచే. ఆ ఉద్యోగాలు ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు అన్నది తెలియాలంటే ఆ 72 క్లబ్‌ల వైపు చూడాలి. మా ఊరి లింకన్ సిటీలో పనిచేసిన ఒక మనిషి కథ చెబితే నా మాట అర్థమవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పేరు కీత్ అలెగ్జాండర్. నేను ఆయన్ను చూడలేదు. నేను ఈ ఊరికి వచ్చేసరికే ఆయన పోయి ఆరేళ్లయింది. 2017లో లింకన్ సిటీ ఆ 92 క్లబ్‌ల కన్నా కింద ఉండే నాన్‌లీగ్ జట్టుగా ఉండి, చిన్నా పెద్దా క్లబ్‌లన్నీ కలిసి ఆడే ఎఫ్ఏ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఊపులో ఊరంతా స్టేడియానికి పరిగెత్తింది, నేనూ వెళ్లాను. సిన్‌సిల్ బ్యాంక్ స్టేడియంలో నా పక్క సీటు పెద్దాయనది. డెబ్బై దాటాయి. గెలిచినా ఓడినా మ్యాచ్ అయ్యాక కీత్ ప్రస్తావన తేకుండా ఇంటికి వెళ్లడు. మొదట్లో నాకు అర్థం కాలేదు, కప్పు కూడా గెలవని మేనేజర్‌ను ఇన్నేళ్ల తర్వాత ఎందుకింత తలుచుకుంటున్నారా అని.

కీత్ 1956లో నాటింగ్‌హామ్‌లో పుట్టారు. ఆడింది స్ట్రైకర్‌గా. అందరిలా పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో పెద్ద క్లబ్ పిలవలేదు. ఇల్కెస్టన్, బోస్టన్, కెటరింగ్, బార్నెట్ అంటూ నాన్‌లీగ్ క్లబ్‌ల్లోనే ఏళ్లు గడిచిపోయాయి. అక్కడి ఆటగాళ్లలో చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లే. 1988లో గ్రిమ్స్‌బీ టౌన్ ఆయన్ను తీసుకుంది. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. చాలామంది స్ట్రైకర్లు రిటైర్మెంట్ గురించి ఆలోచించే వయసులో ఈయన లీగ్ ఫుట్‌బాల్‌లో అడుగుపెట్టారు. ఆ తర్వాత 1990లో, 1991లో గ్రిమ్స్‌బీ వరుసగా రెండుసార్లు పై డివిజన్‌కు ఎదిగింది. తల్లిదండ్రుల వేర్లున్న కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియా జట్టుకు కూడా ఆయన ఆడారు. స్టాక్‌పోర్ట్ మీదుగా చివరికి లింకన్ చేరారు.

1993లో లింకన్ ఆయన్ను మేనేజర్‌ను చేసింది. ఇంగ్లిష్ లీగ్‌లో పూర్తిస్థాయి మేనేజర్లు అయిన తొలి నల్లజాతీయుల్లో ఆయన ఒకరు. ఆయనకన్నా చాలా ముందు, 1960లో, రోచ్‌డేల్‌కు టోనీ కాలిన్స్ మేనేజర్ అయ్యారు. జట్టును 1962 లీగ్ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లారు. అంత చేసి చూపించిన మనిషి తర్వాత కూడా ఆ తలుపు ముప్పై ఏళ్లు దాదాపు మూసే ఉంది. కీత్‌కు ఇచ్చింది ఒక్క సీజనే. 1994లో తీసేశారు.

నన్ను బాధపెట్టేది ఆ తీసివేత కాదు. ఆ సీజన్‌లో ఫలితాలు బాగాలేవు, తీసేశారు. మేనేజర్ ఉద్యోగంలో అది మామూలే. ఆ తర్వాత జరిగినదే నాకు మింగుడు పడదు. ఒక సీజన్ పాడైన మేనేజర్లు మరుసటి ఏడాదే ఇంకో లీగ్ క్లబ్‌లో కనిపించడం ఇక్కడ రోజూ చూస్తాం. మీ పేజీలోనూ అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కీత్ మాత్రం మళ్లీ నాన్‌లీగ్‌కు వెళ్లి, ఇల్కెస్టన్ టౌన్‌లో, నార్త్‌విచ్ విక్టోరియాలో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. లీగ్ క్లబ్ పగ్గాలు తిరిగి చేతికి వచ్చింది 2002లో. ఎనిమిదేళ్లు! అదీ ఎలాంటి పరిస్థితిలో? మ్యాచ్‌ల ప్రసార హక్కులు కొన్న ఐటీవీ డిజిటల్ అనే టీవీ సంస్థ కుప్పకూలి, కింది డివిజన్ల క్లబ్‌లకు రావాల్సిన 17.8 కోట్ల పౌండ్ల టీవీ డబ్బు గాలికి పోయింది. లింకన్ సిటీ దివాలా అంచుకు వచ్చి, అప్పుల్లో పడ్డ సంస్థలను నడిపే అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లింది. మంచి ఆటగాళ్లను కొనే స్తోమత లేదు. అలాంటప్పుడు క్లబ్‌కు కీత్ గుర్తొచ్చారు.

ఆయన ఏం చేశారో చెప్పేటప్పుడు మా పెద్దాయన కళ్లు మెరుస్తాయి. తను పదిహేనేళ్లు తిరిగిన నాన్‌లీగ్‌లోనే ఆయన మనుషుల్ని వెతికారు. ఎవరికీ పట్టని సైమన్ యో అనే స్ట్రైకర్‌ను హైడ్ యునైటెడ్ నుంచి తెచ్చారు. బెన్ ఫచర్ లాంటి ఆరడుగుల ఏడంగుళాల డిఫెండర్‌ను వెనక నిలబెట్టారు. బంతిని ఎత్తుగా, నేరుగా ముందుకు కొట్టే ఆట. అది అందమైన ఆట కాదని విమర్శించినవాళ్లున్నారు. కాదనను, చూడముచ్చటైన ఆట కాకపోవచ్చు. కానీ ఆ డబ్బుతో, ఆ మనుషులతో ఏ ఆట ఆడితే క్లబ్ బతుకుతుందో ఆ ఆటే ఆడించారు. నాకు తెలిసి కోచింగ్ అంటే అదే. ఖజానా ఇస్తే జట్టు కట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ 2002-03 సీజన్‌లో లింకన్ కింది డివిజన్‌కు పడిపోవడం ఖాయమని అనుకున్న జట్టు. ఆరో స్థానంలో నిలిచి, పై డివిజన్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే ప్లేఆఫ్ ఆడింది. సెమీస్‌లో పక్క జిల్లా ప్రత్యర్థి స్కన్‌థోర్ప్‌ను రెండు మ్యాచ్‌ల్లో మొదటిదానిలో 5-3తో ఓడించింది. ఫైనల్స్ జరిగే లండన్‌లోని వెంబ్లీ స్టేడియాన్ని అప్పుడు పునర్నిర్మిస్తున్నారు కాబట్టి ఫైనల్ కార్డిఫ్‌లో జరిగింది. అక్కడ బోర్న్‌మౌత్ చేతిలో 5-2తో ఓడిపోయింది. 2004లో మళ్లీ ప్లేఆఫ్, హడర్స్‌ఫీల్డ్ చేతిలో ఓటమి. 2005లో మళ్లీ కార్డిఫ్ ఫైనల్, సౌత్ఎండ్ చేతిలో ఓటమి. 2006లో గ్రిమ్స్‌బీ, అంటే ఆయన ఒకప్పుడు ఆడిన జట్టే, అడ్డుపడింది. వరుసగా నాలుగేళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం ఎంత బాధో చెప్పక్కర్లేదు. అయినా పెద్దాయన దాన్ని ఓటమిగా చెప్పడు. మూతపడాల్సిన క్లబ్ అప్పుడు నాలుగేళ్లు వరుసగా పైకి చూస్తూ బతికిందని అంటాడు.

ఆ నాలుగేళ్ల మధ్యలో, 2003 నవంబరులో, కీత్‌కు మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లింది. నేను ఆస్పత్రిలో రేడియోగ్రాఫర్‌ను. అలాంటి స్కాన్లు నా చేతుల మీదుగా వెళుతుంటాయి. ఆ తెరమీద రక్తస్రావం కనిపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు. బతికి బయటపడటమే పెద్ద విషయం. బయటపడ్డవాళ్లలో చాలామందికి మునుపటి మాట, మునుపటి నడక రావు. ఈ మనిషి కొద్ది నెలల్లోనే తిరిగి జట్టు దగ్గరికి వచ్చి, అదే సీజన్‌లో జట్టును ప్లేఆఫ్‌కు తీసుకెళ్లారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను పెద్దాయనను రెండుసార్లు అడిగాను, నిజమేనా అని.

లింకన్ తర్వాత ఆయన అన్ని చోట్లా నెగ్గలేదు. పీటర్‌బరోలో సీజన్ పూర్తికాకముందే పంపేశారు. 2008 ఫిబ్రవరిలో మాక్లెస్‌ఫీల్డ్ టౌన్ పిలిచింది. అదీ లీగ్ నుంచి జారిపోయే ప్రమాదంలోనే. ఆయన నిలబెట్టారు. 2010 మార్చి 2 రాత్రి ఆయన జట్టు నాట్స్ కౌంటీలో ఆడింది. లింకన్‌లో ఇంటికి తిరిగొచ్చాక అస్వస్థతకు గురై మార్చి 3న కన్నుమూశారు. వయసు 53. చివరి రాత్రి కూడా మ్యాచ్ దగ్గరే ఉన్నారు.

ఇందులో పబ్లిక్ సమస్య ఎక్కడుందని మీ పాఠకులు అడగవచ్చు. మాక్లెస్‌ఫీల్డ్ పేరు చూడండి. 2006లో ఆ జట్టు అట్టడుగున ఉన్నప్పుడు పాల్ ఇన్స్‌ను పెట్టుకుంది, ఆయన కాపాడారు. 2008లో కీత్, కాపాడారు. 2018లో మళ్లీ అట్టడుగున ఉన్నప్పుడు సోల్ క్యాంప్‌బెల్, ఆయనా కాపాడారు. ముగ్గురూ నల్లజాతీయులే. ఇన్స్, క్యాంప్‌బెల్ ఇద్దరూ ఇంగ్లండ్ జట్టుకు ఆడిన మేటి ఆటగాళ్లు. వాళ్లంతటి వాళ్లకు తొలి మేనేజర్ ఉద్యోగం దొరికింది మునుగుతున్న పడవలో. పడవ బాగున్నప్పుడు, సామాను నిండుగా ఉన్నప్పుడు ఎవరూ వాళ్లను చుక్కాని పట్టుకోమనరు. మునిగితే మాత్రం తప్పు వాళ్లదవుతుంది. పిచ్ మీద నల్లజాతి ఆటగాళ్లు అంతమంది ఉండే దేశంలో మేనేజర్ల కుర్చీల్లో మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఎందుకున్నారంటే, అనుభవం లేదంటారు. ఉద్యోగమే ఇవ్వకుండా అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

మేనేజర్ పోస్టుకు ఇంటర్వ్యూలు చేసినప్పుడు మైనారిటీ జాతుల అభ్యర్థిని కనీసం ఒక్కరినైనా పిలవాలని, ఆ 72 క్లబ్‌ల లీగ్ అయిన ఈఎఫ్ఎల్ నియమం పెట్టింది. మంచిదే. కానీ క్లబ్ ఇంటర్వ్యూలే పెట్టకుండా ముందే అనుకున్న ఒక్కరికి ఉద్యోగం ఇచ్చేస్తే ఆ నియమం వర్తించదు. సీజన్ మధ్యలో, టెన్షన్‌లో జరిగే నియామకాల్లో ఎక్కువగా జరిగేది అదే. ఈ సందు మూసేయాలి. ఎంతమందిని పిలిచారో, చివరికి ఎవరిని తీసుకున్నారో ప్రతి క్లబ్ ఏటా బయటపెట్టాలి. ఈ మాటే ఇంగ్లిష్‌లో రాసి లీగ్ వారికీ పంపుతున్నాను.

ఇది మన వాళ్లకూ తగిలే విషయమే. ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు ఆదివారాలు బూట్లు కట్టుకుని గ్రౌండ్‌కు వెళుతున్నారు. మా అమ్మాయి జట్టుకు సాయం చేద్దామని నేను మొదటి స్థాయి కోచింగ్ కోర్సుకు వెళ్లాను. ఆ గదిలో దక్షిణాసియా ముఖం నాదొక్కటే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందరూ మర్యాదగానే ఉన్నారు. కానీ టీ తాగేటప్పుడు ఇద్దరు విడివిడిగా వచ్చి, క్రికెట్ కోర్సు అనుకుని వచ్చారా అని అడిగారు. రేపు మా అమ్మాయి పెద్దయ్యాక కోచ్ అవుతానంటే ఆ ప్రశ్న తనకు ఎదురు కాకూడదని నా కోరిక.

మీకు నా విన్నపం ఒక్కటే. వచ్చే మార్చి 3 నాటికి మీ క్రీడా పేజీలో కీత్ అలెగ్జాండర్ గురించి ఒక అరపేజీ చోటు ఇవ్వండి. ఎవరినో పౌండ్ల లెక్కన కొన్న వార్త ఆ రోజుకు కాస్త తగ్గినా ఫర్వాలేదు. మా పక్క సీటు పెద్దాయన దగ్గర అప్పటి మ్యాచ్ ప్రోగ్రామ్‌లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. మీరు అడిగితే వాటి ఫొటోలు తీసి పంపుతాను, ఆయన సరేనన్నారు.

ఇట్లు
మీ పాఠకుడు,
లింకన్, ఇంగ్లండ్