ఆకల్ దుంగలకు కంచె, మన గుండ్లకు క్రషరా?

సంపాదకులకు నమస్కారం.

జైసల్మేర్ చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో రాశారు. సామ్ ఇసుక తిన్నెలు, బట్టమేక పిట్ట తిరిగే ఎడారి జాతీయ పార్కు చాలామందికి తెలిసినవే. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆకల్ శిలాజ వనం. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాయిగా మారి, ఆ ఎండలో పడున్నాయి. దుంగల చుట్టూ ఇనుప జాలీ, పైన రేకులు వేసి కాపాడుతున్నారు. జనం పనిగట్టుకుని వెళ్లి చూస్తున్నారు.

మన పాలమూరు, నల్లగొండ గుట్టల మీది గుండ్లు అంతకంటే ఎంతో పాతవి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నేల లోపల ఉండగానే పగుళ్లలోకి నీరు దిగి, బండ అంచులు మెత్తబడి మొరం అయ్యాయి. ఆ మొరం వానలకు కొట్టుకుపోయింది. మిగిలిన గట్టి ముక్కలే ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఈ గుండ్లు. దగ్గరికెళ్లి చూస్తే ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంటాయి, వేలితో కొడితే కొన్నిచోట్ల డొల్లగా మోగుతాయి. హైదరాబాద్‌లో జనం ఎగబడి కొనే బాలానగర్ సీతాఫలం కాసేదీ ఈ రాళ్ల నేలలోనే.

కరువు జిల్లాలని పేరు పడ్డందుకో ఏమో, ఇక్కడ గుట్ట కనపడితే మనవాళ్లకు కంకర టిప్పర్లే గుర్తొస్తాయి. క్వారీలన్నీ మూసేయమని అనడం లేదు. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వేయాలన్నా కంకర కావాల్సిందే. కానీ ఏ గుట్టను తొలవాలి, ఏది వదిలేయాలి అని చూసుకోవద్దా? 2018లో చెదలు పట్టిన మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు, దేశమంతా చెప్పుకుంది. చెట్టుకైతే ఊడ దిగి మళ్లీ వేరు పడుతుంది. పేల్చిన గుండుకు ఏ మందు ఎక్కిస్తాం?

తిరుమల శిలాతోరణానికి జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తింపు ఉంది. ఆకల్‌కూ ఉంది. మన గుండ్లలో అలాంటి అర్హత ఉన్నవేవో భూగర్భ శాస్త్రవేత్తలతో మండలాల వారీగా జాబితా రాయించాలి. కొత్త క్వారీ లీజు ఇచ్చేముందు గనుల శాఖ ఆ జాబితా చూడాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. నల్లమల అడవిలోని ఫరహాబాద్‌కు, మల్లెలతీర్థం జలపాతానికి వెళ్లే టూరిస్టులు దారిలో ఆగి చూసేలా, రాయి వయసు తెలుగులో రాసిన బోర్డులు కూడా పెట్టిస్తే బాగుంటుంది. దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

– ఒక పాఠకుడు, దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా