ట్రక్ ఎంత లాగుతుందని కాదు, ఎంత మోస్తుందని అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఉండే మనవాళ్లు పికప్ ట్రక్ వెనక ఇల్లంత ట్రైలర్ తగిలించుకుని కొలరాడో కొండలు చుట్టొస్తున్నారని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, రాసిన తీరూ బాగుంది. కానీ హెవీ డ్యూటీ డీజిల్ ట్రక్ ఒకటి ఉంటే చాలు, ఎంత పెద్ద ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయినా కొండెక్కేస్తుంది, టెన్షన్ అక్కర్లేదు అన్నట్టు రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. నేను డెన్వర్ దగ్గర ఉంటాను, మాకూ ఫిఫ్త్ వీల్ ఉంది. ఎక్కడం వరకు ఆ మాట నిజమే. దిగడం గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఫిఫ్త్ వీల్ అంటే ఏదో ఐదో చక్రం అనుకునేవాళ్ల కోసం చిన్న వివరణ. మన హైవేల మీద కంటెయినర్లు లాగే ట్రైలర్ లారీలు చూసే ఉంటారు, ముందు బండి వెనక భాగంలో ఒక గుండ్రటి ఇనప ప్లేటు ఉంటుంది, ట్రైలర్ కింద ఉన్న లావాటి పిన్ను వచ్చి అందులో కూర్చుంటుంది. ఇక్కడ అదే ఏర్పాటు చిన్న సైజులో, పికప్ బెడ్‌లో, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేట్టు బిగిస్తారు. అందుకే బంపర్‌కి తగిలించే ట్రైలర్ కంటే ఇది రోడ్డు మీద నిలకడగా వస్తుంది, పక్క నుంచి లారీ దూసుకుపోయినా తోక ఆడించదు. దానికో ఖరీదు ఉంది. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం దాకా ట్రక్ వీపు మీద కూర్చుంటుంది. ఎడ్లబండిలో లోడు ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడ మీద పడ్డట్టే. లాగడం వేరు, మోయడం వేరు.

షోరూముల్లో చెప్పేదేమో ఎప్పుడూ లాగే లెక్కే. నాకు తెలిసిన ఒకాయన ముప్పావు టన్ను (ఇది తరగతి పేరు, మోసే బరువు కాదు) డీజిల్ ట్రక్ కొన్నప్పుడు సేల్స్‌మన్ "ఇది ఏదైనా లాగేస్తుంది సార్" అని ఘనంగా చెప్పి పంపాడు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని. ఆయన ట్రక్ మీద 2,000 చిల్లర ఉంది. కొందామనుకున్న ట్రైలర్ నిండా సర్దితే 14,000 పౌండ్లు. అందులో 20 శాతం వేసుకున్నా 2,800 పౌండ్లు పిన్ను మీదే పడతాయి, హిచ్ (బెడ్‌లో బిగించే ఆ ప్లేటు) బరువు ఇంకో 150 పైన, ఆపైన నలుగురు మనుషులు. ఇంట్లోంచి బయల్దేరకముందే వెయ్యి పౌండ్లు పైగా ఎక్కువ. ఇంజన్‌కి అది లెక్కే కాదు, హాయిగా లాగేస్తుంది. నలిగేది వెనక ఇరుసు, టైర్లు, స్ప్రింగులు, బ్రేకులు. ఆ సైజు ట్రైలర్‌కి ఒక టన్ను ట్రక్ కావాలి, ఇంకా పెద్దదైతే వెనక నాలుగు చక్రాలుండే డ్యూయలీ కావాలి.

ఇంకో తిరకాసు, బ్రోషర్‌లో వేసే ట్రైలర్ బరువు ఖాళీ బరువు. నీళ్లు లేవు, సామాను లేదు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 60 గాలన్ల ట్యాంకు నింపితే దాదాపు 500. మనవాళ్లయితే సోనా మసూరి బస్తా, కుక్కర్లు, పచ్చడి సీసాలు, కొందరు వెట్ గ్రైండర్ కూడా ఎక్కిస్తారు (నవ్వకండి, చూశాను). సర్దుకున్నాక ఒకసారి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి, కొద్ది డాలర్ల పని. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, ట్రైలర్ మీద ఎంత అని విడివిడిగా కాగితం ఇస్తారు.

ఇక కొండ సంగతి. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరకి వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ వస్తుంది, 11,000 అడుగులు దాటిన ఎత్తు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి మూడో వంతు ఆవిరి. టర్బో డీజిల్‌కి ఆ బాధ తక్కువ, కుడి లేన్‌లో లారీల వెనకే నింపాదిగా ఎక్కిపోతుంది. టన్నెల్ ఎత్తు పరిమితి 13 అడుగుల 11 అంగుళాలు, పైన ఏసీతో కలిపి 13 అడుగులు దాటే ఫిఫ్త్ వీల్స్ చాలా ఉన్నాయి కాబట్టి మీ బండి ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకోండి. టన్నెల్ దాటగానే సిల్వర్‌థార్న్ వైపు 7 శాతం వాలు మొదలవుతుంది, మైళ్ల తరబడి దిగుడే, రెండు వేల అడుగులకు పైగా కిందికి. ట్రక్, ట్రైలర్ కలిపి పాతిక వేల పౌండ్ల బరువు కిందికి తోస్తుంటే కాలు బ్రేక్ మీద పెట్టి కూర్చున్నవాళ్లకి కొన్ని నిమిషాల్లోనే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా బ్రేకులు పట్టవు.

ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు అని మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్లు చెప్పేది ఇక్కడా అక్షరాలా పనికొస్తుంది. తిరుమల ఘాట్‌లో మరీ తొందరగా దిగొచ్చిన బండికి జరిమానా వేసేది ఊరికే కాదు. ఇక్కడి ట్రక్కుల్లో టో-హాల్ మోడ్ ఉంటుంది, అది బండిని తక్కువ గేర్‌లో పట్టి ఉంచుతుంది, డీజిల్ అయితే ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా ఉంటుంది. డీజిల్ ఇంజన్ కాలు తీయగానే పెట్రోల్ ఇంజన్‌లా తనంతట తాను పట్టుకోదు, అందుకని టర్బో రెక్కలు మూసి పొగను వెనక్కి అదిమి బండిని నెమ్మది చేస్తారు. ఈ రెండూ వాలు మొదలవకముందే, వేగం తగ్గించి, ఆన్ చేయాలి. సగం దిగాక గుర్తొస్తే ఆలస్యమైనట్టే. అయినా వేగం పెరుగుతుంటే గట్టిగా తొక్కి ఒక 10 మైళ్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి, చల్లారనివ్వాలి, మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. ట్రైలర్ చక్రాలకు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి, వాటి కంట్రోలర్ డాష్‌బోర్డులో ఉంటుంది, బయల్దేరేముందు చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతూ దాని మీట నొక్కి చూడండి. ట్రైలర్ వెనక్కి గుంజినట్టు తెలియాలి, చక్రాలు మాత్రం బిగుసుకుపోకూడదు.

నేను అతిగా భయపెడుతున్నాననుకునేవాళ్లు 2019 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. ఇదే ఐ-70 మీద, కొండ దిగి డెన్వర్‌లోకి వచ్చే చోట లేక్‌వుడ్‌లో, బ్రేకులు పోయిన సరుకు లారీ ఒకటి ఆగి ఉన్న ట్రాఫిక్‌లోకి దూసుకొచ్చి నలుగురు చనిపోయారు. దారిలో రన్‌అవే ర్యాంప్ (బ్రేకులు పోయిన బళ్లు ఎక్కి ఆగేందుకు కట్టిన పక్కదారి) ఉంది, డ్రైవర్ దాన్ని దాటి వచ్చేశాడు. అతనికి కమర్షియల్ లైసెన్స్ ఉంది. మనకి కాలిఫోర్నియాలో అయితే 15,000 పౌండ్లు దాటిన ఫిఫ్త్ వీల్‌కి వేరే క్లాస్ లైసెన్స్ అడుగుతారు, చాలా రాష్ట్రాల్లో అదీ లేదు, కారు లైసెన్స్‌తో ఇవాళ కొని రేపు కొండెక్కొచ్చు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నడిచే ట్రైలర్‌లో మంచమ్మీద పడుకోబెట్టుకెళ్లే ఆలోచన కొంతమందికి వస్తోంది. కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకుంటుంది కూడా. ఒప్పుకున్నా వద్దు. ట్రక్‌లో కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టండి.

చివరిగా మీ వ్యాసంలో ఒకటి సరిదిద్దాలి. ట్రైలర్‌తో ఇండిపెండెన్స్ పాస్ మీదుగా ఆస్పెన్ వెళ్లొచ్చని రాశారు. ఆ దారి 12,095 అడుగుల ఎత్తుకు వెళ్తుంది, కొన్నిచోట్ల రెండు కార్లు ఎదురైతేనే ఇరుకు, మొత్తం పొడవు 35 అడుగులు దాటిన బళ్లను అక్కడ అనుమతించరు. ట్రక్ ఒక్కటే 20 అడుగులుంటుంది కాబట్టి దాదాపు ఏ ఫిఫ్త్ వీలూ ఆ లెక్కలో ఇమడదు. గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. వేసవి సెలవులకు జనం బయల్దేరకముందే ఈ సవరణ వేయగలరు.

ఇట్లు
మీ పాఠకుడు, డెన్వర్, కొలరాడో